బియర్డెడ్ డ్రాగన్ గోళ్లు: కట్టర్ కంటే ముందు రాయి

సంపాదకుల వారికి,

నమస్కారం. పెంపుడు సరీసృపాల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో బియర్డెడ్ డ్రాగన్‌కు ఏం పెట్టాలో, ఎంత వేడి ఉండాలో, ఏ లైటు వాడాలో వివరంగానే రాస్తున్నారు. గోళ్ల దగ్గరికి వచ్చేసరికి ‘పెరిగితే కత్తిరించండి’ అన్న ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. ఆ ముక్క నమ్ముకుని, కుక్కకు తీసినట్టే దీనికీ తీయబోయి రక్తం తెప్పించేవాళ్లు ఉన్నారు. భయపడి అసలు ముట్టుకోకుండా వదిలేసి, వేళ్లు పక్కకు తిరిగిపోయేదాకా తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి వల్లా బాధపడేది నోరులేని ఆ జీవమే. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గానే రాయాల్సి వస్తోంది. దయచేసి కుదించకుండా వేయగలరు.

మొదట గోరు అంటే ఏమిటో చూద్దాం. బియర్డెడ్ డ్రాగన్ తొండల కుటుంబానికి చెందిన ప్రాణి. దాని సొంత నేల ఆస్ట్రేలియా లోపలి భాగాల్లోని ఎండు భూములు. ఒక్కో పాదానికి అయిదు వేళ్లు, మొత్తం ఇరవై గోళ్లు. వెనక పాదంలో నాలుగో వేలు మిగతావాటికన్నా బాగా పొడుగు. గోరు పైన కనిపించే గట్టి తొడుగు మన గోళ్లలాగే కెరటిన్. ఆ తొడుగు లోపల వేలి చివరి ఎముక, దాన్ని అంటిపెట్టుకుని రక్తనాళం, నరం ఉంటాయి. అంటే గోరులో సగానికి పైగా ప్రాణమున్న భాగమే. ప్రాణం లేనిది, కోసినా నొప్పి పుట్టనిది, సూదిలా సన్నబడే ఆ కొస మాత్రమే. పెద్ద డ్రాగన్‌లో కూడా అది ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. మనం ఎప్పుడు గోళ్లు తీసినా పని అంతా ఆ మిల్లీమీటరులోనే జరగాలి.

ఈ గోళ్లు దానికి అలంకారం కావు. కొమ్మ ఎక్కడానికి, రాయి పట్టుకోవడానికి, నేల తవ్వడానికి ఇవే ఆధారం. ఆడది గుడ్లు పెట్టే ముందు గొయ్యి తవ్వుతుంది. మగదాని జత లేకపోయినా పిల్లలు కాని గుడ్లు పెట్టే ఆడవి చాలా ఉంటాయి కాబట్టి తవ్వడం వాటికి తప్పని పని. గోళ్లు మొదలంటా తీసేస్తే పట్టు దొరక్క కొమ్మ మీది నుంచి జారి పడుతుంది, తవ్వలేక అలసిపోతుంది. చేతికి గీసుకుంటోందని గోళ్లు పూర్తిగా తీయించాలనే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవాలి. గోరు వేలి చివరి ఎముకతో కలిసి ఉంది కనుక అది గోరు తీయడం అవదు, వేలి కొస నరకడమే అవుతుంది.

మరి గోళ్లు ఎందుకు పెరిగిపోతాయి? ఆరుబయట పెరిగే డ్రాగన్ రోజంతా రాళ్ల మీద, ఎండిన దుంగల మీద, గట్టి నేల మీద తిరుగుతుంది. నడిచిన ప్రతి అడుగుకూ గోరు కొస కొంచెం అరుగుతుంది. పెరిగేదీ అరిగేదీ సరితూగుతాయి. గాజు పెట్టెలో ఆ అరుగుదల ఉండదు. కింద కాగితం, నున్నటి టైలు, మెత్తటి మ్యాట్, పైకి ఎక్కడానికి ఒక ప్లాస్టిక్ గుహ, ఊగడానికి ఒక గుడ్డ ఊయల. వీటిలో గోరును అరగదీసేది ఒక్కటీ లేదు. కాబట్టి గోళ్లు పదేపదే సూదుల్లా పెరుగుతున్నాయంటే తప్పు గోళ్లలో వెతక్కూడదు, పెట్టెలో వెతకాలి. కట్టర్ కొనే ముందు రాయి పెట్టాలి. ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

రాయి అంటే ఏ రాయైనా పనికిరాదు. పైభాగం బల్లపరుపుగా, చేత్తో తడిమితే గరుకు తెలిసేలా, అంచులు మొద్దుబారి ఉండాలి. పలక రాయి, ఇసుక రాయి బాగా పనికొస్తాయి. మెరుగు పెట్టిన గ్రానైటు, గ్లేజు వేసిన టైలు నున్నగా ఉంటాయి కనుక గోరు వాటి మీద జారుతుందే తప్ప అరగదు. టైలే వాడాలనుకుంటే గ్లేజు లేని రకం తీసుకోవాలి, లేదా టైలును తిరగేసి గరుకు వైపు పైకి పెట్టాలి. రాయి పొడవు డ్రాగన్ ముక్కు నుంచి తోక మొదలు వరకు పట్టేంత ఉంటే అది దాని మీద ఒళ్లంతా పరుచుకుని పడుకోగలదు.

దాన్ని ఎక్కడ పెట్టామన్నదాని మీదే సగం ఫలితం ఆధారపడుతుంది. మూలన పడేస్తే దాని జోలికే పోదు. ఎండ కాచుకునే దీపం కిందే పెట్టాలి. రోజూ అక్కడికి ఎక్కడం, దిగడం, ఒళ్లు సర్దుకోవడం ఎలాగూ తప్పదు, అప్పుడు గోళ్లు వాటంతటవే అరుగుతాయి. పైకి చేరడానికి ఇంకో గరుకు పలకను ఏటవాలుగా ఆనిస్తే ఇంకా మేలు. ఏటవాలు ఎక్కేటప్పుడు గోరు గట్టిగా దిగబడి జారుతుంది కాబట్టి అరుగుదల చదును మీద కంటే ఎక్కువ. నీళ్ల గిన్నె, తిండి గిన్నె కింద కూడా గరుకు పలకలు వేస్తే తినడానికి వచ్చిన ప్రతిసారీ నాలుగడుగులు వాటి మీద పడతాయి.

రాయి పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు మరవకూడదు. ఒకటి, రాయిని ఇసుక మీద గానీ మట్టి మీద గానీ పెట్టకూడదు. పెట్టె అడుగునే ఆనించి, ఆ తర్వాత చుట్టూ మట్టి పోయాలి. ఇది తవ్వే జంతువు. కింద తవ్వుకుంటూ పోతే రాయి కుంగి మీద పడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన పలకలైతే విషం లేని సిలికాన్ జిగురుతో అతికించి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాలి. రెండోది వేడి. రాయి పెట్టడంతో డ్రాగన్ దీపానికి దగ్గరవుతుంది. పెద్దదానికి ఎండ కాచుకునే చోట ఉపరితలం 38 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. రాయి పెట్టి, దీపం వేసి రెండు గంటలు ఆగాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రాతి ఉపరితలాన్నే కొలవాలి. ఎక్కువ చూపిస్తే దీపం ఎత్తు పెంచాలి. చేత్తో తాకి ‘పర్లేదు’ అనుకోవడం ప్రమాదం, పొట్ట కాలిన సంగతి మనకు రోజుల తర్వాత గానీ తెలియదు.

కొమ్మలు కూడా కావాలి. బెరడు ఒలవని గట్టి కర్ర, కార్క్ బెరడు మంచివి. లావు కనీసం డ్రాగన్ ఒంటి వెడల్పుకు దగ్గరగా ఉండాలి. సన్న కొమ్మ మీద అది తూలుతుంది, పట్టు కోసం గోళ్లు వంకరగా గుచ్చుతుంది. బయటి నుంచి తెచ్చిన కొమ్మనైనా రాయినైనా సబ్బు లేకుండా వేడినీళ్లతో గట్టిగా తోమి, బాగా ఎండబెట్టాకే లోపల పెట్టాలి. జిగురు కారే చెట్ల కర్ర వద్దు.

ఇక్కడ ఒక అడ్డదారి గురించి హెచ్చరించాలి. త్వరగా అరగాలని ఉప్పుకాగితాన్ని నేల మీద, కొమ్మ మీద అతికించేవాళ్లు ఉన్నారు. గోరుతో పాటు అరికాలు, పొట్ట చర్మం, మలద్వారం చుట్టుపక్కల మెత్తటి చోట్లు కూడా దానికి గీసుకుపోతాయి. మలం తడికి కాగితం నాని గింజలు ఊడుతాయి, తిండితో పాటు కడుపులోకి పోతాయి. రాయి గరుకు వేరు, ఉప్పుకాగితం గరుకు వేరు.

అరుగుదల తెలియడానికి నెలా నెలన్నర పడుతుంది. రాయి పెట్టిన రోజున నాలుగు పాదాలనూ దగ్గరగా ఫోటో తీసి ఉంచుకుని, ఆరు వారాల తర్వాత పోల్చి చూడండి. కొసలు సూదిలా కాకుండా కొంచెం మొద్దుగా కనిపిస్తే రాయి పని చేస్తోందన్నమాట. అప్పుడు కట్టర్ అవసరం ఎప్పుడో ఒకసారి తప్ప రాదు.

నేల మీద పరిచేవాటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గోరు ఊడిపోయే ప్రమాదాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. సరీసృపాల కార్పెట్ పేరుతో అమ్మే మ్యాట్‌లలోనూ, స్నానం తువ్వాళ్లలోనూ చిన్న చిన్న దారపు ఉచ్చులుంటాయి. గోరు కొస ఆ ఉచ్చులో పడిందంటే డ్రాగన్ బెదిరి కాలు లాగుతుంది. లాగినకొద్దీ ఉచ్చు బిగుస్తుంది. చివరికి గోరు మొదలంటా ఊడుతుంది, లేదా వేలి కణుపు తప్పుతుంది. తీగ జాలీ నేల కూడా ఇంతే. కాగితం గానీ, గ్లేజు లేని టైలు గానీ, చిరుగు లేని లినోలియం గానీ పరిస్తే ఈ బెడద ఉండదు. చేతిలోకి తీసుకునేటప్పుడు వేసుకునే స్వెట్టర్లు, అల్లిక శాలువాలు కూడా ఉచ్చులే. అల్లికలో గోరు చిక్కితే డ్రాగన్‌ను లాగకండి. గుడ్డనే పాదం వైపు నెట్టి వదులు చేసి, గోరును వెనక్కి జరిపి విడిపించాలి. అవసరమైతే దారం కత్తిరించాలి.

రాయి ఉన్నా గోరు తీయాల్సిన సందర్భాలు కొన్ని ఉంటాయి. ముసలిదై ఎక్కువగా కదలనిది, కాలు దెబ్బతిని ఒక వైపే బరువు వేసేది, వేలు వంకర కావడం వల్ల గోరు నేలకు ఆననిది. వీటికి రాయి చాలదు. తీయాలో అక్కర్లేదో తేల్చుకోవడానికి డ్రాగన్‌ను గట్టి చదును నేల మీద నిలబెట్టి పక్క నుంచి చూడండి. గోరు కొస నేలను తాకడం మామూలే, దాని ఆకారమే కొడవలి వంపు. గోరు పొడవు వల్ల వేలి కొస గాల్లోకి లేచిందా, వేలు పక్కకు ఒరిగిందా, గోరు వంపు తిరిగి అరికాలి వైపు వస్తోందా చూడాలి. వీటిలో ఏదైనా ఉంటే తీయాలి. చేతి మీద నడిచినప్పుడల్లా సన్న గీతలు పడుతుంటే కొస మొద్దు చేస్తే చాలు. పిల్ల డ్రాగన్‌ల గోళ్లు సన్నగా సూదుల్లా ఉండటం సహజం, గోటిలో ప్రాణమున్న భాగానికీ కొసకూ మధ్య దూరం వెంట్రుకంత. వాటి జోలికి పోవద్దు. నెలకోసారి చూడటం అలవాటు చేసుకోండి, నెలకోసారి తీయడం మాత్రం వద్దు.

తీసేందుకు అనువుకాని రోజులు కొన్ని ఉన్నాయి. కాళ్ల మీది చర్మం తెల్లబారి కుబుసం విడవబోతున్నప్పుడు, కడుపు నిండా తిన్న వెంటనే, గుడ్లు మోస్తూ గొయ్యి కోసం వెతుకుతున్నప్పుడు, చలికాలపు దీర్ఘనిద్రలో ఉన్నప్పుడు ఆ పని పెట్టుకోవద్దు. నిద్రకు పోయే ముందే చూసుకోవాలి. సాయంత్రం దీపాలు ఆర్పే ముందు అది కాస్త నెమ్మదిగా ఉంటుంది, అదే మంచి సమయం.

కావలసిన సరంజామా ముందే చేతికందేలా పెట్టుకోండి. చిన్న జంతువులకు వాడే, లోపలి అంచు అర్ధచంద్రాకారంగా తొలిచిన కత్తెర రకం కట్టర్ అన్నిటికన్నా మంచిది, గోరు ఆ తొలిచిన చోట కూర్చుంటుంది, జారదు. మనుషుల కట్టర్ గోరును అదిమి చదును చేస్తుంది, ఎండిన గోరైతే నిలువునా చీలుతుంది. తప్పనిసరై అదే వాడితే పసిపిల్లల కట్టర్, అదీ కొత్తగా పదునున్నది వాడాలి. మామూలు కత్తెర ఏ పరిస్థితిలోనూ వద్దు. సన్న గరుకు నెయిల్ ఫైలర్, చిన్న టార్చి, దూది, ఉచ్చులు లేని మెత్తటి నూలు గుడ్డ, రక్తం ఆపే స్టిప్టిక్ పొడి. పొడి లేకపోతే ఒక చిన్న మూతలో పొడి కార్న్‌ఫ్లోర్. కట్టర్ అంచులను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాకే వాడాలి.

గోరు మెత్తబడాలంటే ముందుగా పది పదిహేను నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచవచ్చు. నీళ్ల వేడి 30 నుంచి 35 డిగ్రీలు, లోతు ముందు కాళ్ల మోచేతుల వరకే. ఒంటరిగా వదిలి పక్కకు వెళ్లకూడదు. తీశాక పొడిగా అద్ది, ముఖ్యంగా వేళ్ల మధ్య తడి లేకుండా చూసుకోవాలి. తడి గోరు కట్టర్‌లో జారుతుంది కాబట్టి తుడిచాకే మొదలుపెట్టాలి.

ఇక పట్టుకోవడం. చేయి తిరిగేదాకా ఇద్దరు ఉంటే సులువు, ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు తీయాలి. ఛాతీ కింద అరచేయి పరిచి, వెనక కాళ్లకూ తోక మొదలుకూ ముంజేతి ఆసరా ఇవ్వాలి. నాలుగు కాళ్లకూ కింద ఏదో ఒకటి తగులుతున్నంతసేపు అది నిమ్మళంగా ఉంటుంది, కాలు గాల్లో వేలాడితే కొట్టుకుంటుంది. వెల్లకిలా తిప్పి పట్టుకోవద్దు. బల్లి జాతికి మనకున్నట్టు ఛాతీని, పొట్టను వేరు చేసే ఉదరవితానం లేదు, వెల్లకిలా పెడితే లోపలి అవయవాల బరువు ఊపిరితిత్తుల మీద పడి గాలి ఆడటం కష్టమవుతుంది. అప్పుడు అది కదలకుండా ఉందంటే భయంతో బిగుసుకుపోయిందని అర్థం. తోక పట్టుకుని లాగవద్దు. ఇంటి బల్లికి తోక తెగితే మళ్లీ వస్తుంది, దీనికి రాదు. కళ్ల మీద గుడ్డ అంచు తేలిగ్గా కప్పితే చాలావరకు శాంతిస్తాయి, కళ్లను మాత్రం నొక్కకూడదు.

దాని మాట అది చెబుతూనే ఉంటుంది, చూడాల్సింది మనం. గడ్డం నల్లబడి ఉబ్బినా, నోరు తెరిచి బుసకొట్టినా, ఒళ్లు పలకలా చదును చేసినా ఆపేయండి. పెట్టెలోకి వదిలి, మర్నాడు చూసుకోవచ్చు. ఇరవై గోళ్లూ ఒకే కూర్చున్న పట్టున తీయాలన్న నియమం ఏదీ లేదు. రోజుకొక పాదం చొప్పున నాలుగు రోజుల్లో తీసినా నష్టం లేదు. అయిదు నిమిషాలకు మించి పట్టి ఉంచకపోవడమే మేలు.

తీసేటప్పుడు ఒక్క వేలినే చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య, గోటికి దగ్గరి కణుపు దగ్గర పట్టుకోవాలి. పాదం మొత్తాన్ని బిగించి పట్టుకుంటే అది లాగినప్పుడు వేలు మెలిపడుతుంది. టార్చి గోరు వెనక నుంచి వేయండి. లేత రంగు గోరైతే లోపల రక్తనాళం సన్న గులాబీ గీతలా కనిపిస్తుంది. ఆ గీత ఆగిన చోటికి, కోసే చోటికి మధ్య కనీసం ఒక మిల్లీమీటరు వదలాలి. గోరు వంపు తిరిగి సన్నబడిన చోటి నుంచి ముందుకున్న సూది మొనను మాత్రం ఒకే నొక్కుతో తీసేయాలి. మెల్లమెల్లగా నొక్కితే గోరు నలుగుతుంది. ముదురు రంగు గోళ్లలో వెలుగు వేసినా గీత కనబడదు. అలాంటప్పుడు కొసలో వెంట్రుకంత తీసి, కోసిన ముఖం చూడాలి. ఎండి పొడిగా ఉంటే ప్రాణమున్న భాగం ఇంకా రాలేదన్నమాట. మధ్యలో చిన్న చుక్క, తేమ మెరుపు కనిపిస్తే అక్కడితో ఆపాలి. నిజానికి నల్లటి గోళ్లకు కట్టర్ మానేసి ఫైలర్ ఒక్కటే వాడటం ఉత్తమం. నాలుగైదు రుద్దులతో మొన పోతుంది, రక్తం వచ్చే అవకాశం దాదాపు ఉండదు. ఫైలర్‌ను మొదలు నుంచి కొస వైపు ఒకే దిశలో నడపాలి. ముందుకూ వెనక్కూ రంపంలా రుద్దితే గోరు పొరలుగా విడిపోతుంది, వేలు కుదుపుకు లోనవుతుంది. కట్టర్‌తో తీసినా చివర్న రెండు రుద్దులు రుద్దాలి, లేకపోతే కోసిన పదును అంచు ముందుకన్నా ఎక్కువ గీరుతుంది.

చాలాకాలం వదిలేసిన గోళ్లను ఒక్కసారిగా పొట్టి చేయాలని చూడకండి. పొడవు ఎంతున్నా ఒక్క విడతకు మొన మాత్రమే. మళ్లీ రెండు మూడు వారాలకు ఇంకొంచెం. అరికాల్లోకి గుచ్చుకునేంతగా తిరిగిపోతే అది ఇంట్లో చేసే పని కాదు, సరీసృపాలు తెలిసిన పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి రక్తం వస్తుంది. కంగారుపడి దాన్ని వదిలేయకండి, వదిలితే మట్టిలోకి పరుగెడుతుంది. వేలి కొసకు స్టిప్టిక్ పొడి గానీ కార్న్‌ఫ్లోర్ గానీ అద్ది, దూదితో రెండు మూడు నిమిషాలు కదపకుండా అదిమి పట్టాలి. మధ్యలో ఆగిందో లేదో అని తీసి చూస్తే గడ్డ కట్టబోయేది మళ్లీ తెగుతుంది. స్టిప్టిక్ పొడి మంట పుట్టిస్తుంది కనుక అది కాలు లాక్కుంటుందని ముందే అనుకుని పట్టు సిద్ధంగా ఉంచుకోండి. గోటి కొసకే గానీ పెద్ద గాయం మీద, కళ్ల దగ్గర, నోటి దగ్గర ఆ పొడి వాడరాదు. రక్తం ఆగాక ఆ రాత్రికీ మర్నాటికీ పెట్టెలో మట్టి, ఇసుక తీసేసి శుభ్రమైన కాగితం పరచాలి. ఒకటి రెండు రోజులు స్నానం వద్దు. పది పదిహేను నిమిషాలు అదిమినా ఆగకపోయినా, గోరు మొదలంటా ఊడినా, వేలు వేలాడుతున్నా వైద్యుని దగ్గరికి వెళ్లాల్సిందే. త్వరగా అతికే జిగుర్లతో రక్తం ఆపాలని చూడకండి.

గోళ్ల మాట వచ్చినప్పుడు కుబుసం మాట వదలకూడదు, వేళ్లు పోగొట్టుకునేది ఎక్కువగా దీనివల్లే. ఒంటి మీది పాత చర్మం పెచ్చులుగా ఊడిపోయినా వేళ్ల చుట్టూ ఉంగరంలా మిగిలిపోతుంటుంది. ఎండేకొద్దీ ఆ ఉంగరం బిగుస్తుంది, వేలి కొసకు రక్తం అందదు. మొదట వేలు ఉబ్బుతుంది, తర్వాత నల్లబడి ఎండుతుంది, చివరికి గోరుతో సహా రాలిపోతుంది. కుబుసం విడిచిన ప్రతిసారీ ఇరవై వేళ్లూ లెక్కపెట్టి చూడాలి. ఉంగరం కనిపిస్తే రోజూ పదిహేను నిమిషాల చొప్పున గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తడి దూదిపుల్లతోనో మెత్తటి పళ్ల బ్రష్‌తోనో వేలి మొదలు నుంచి కొస వైపు నెమ్మదిగా తోమండి. రెండు మూడు రోజుల్లో వదులవుతుంది. గోటితో గిల్లి లాగితే కింది లేత చర్మం కూడా వస్తుంది. వేలు అప్పటికే ఉబ్బినా నల్లబడినా ఇంట్లో ప్రయత్నాలతో రోజులు పోగొట్టకండి.

కట్టర్ పట్టుకోకముందే ఆగి ఆలోచించాల్సిన లక్షణాలు కూడా ఉన్నాయి. వేళ్లు వాటంతటవే అదురుతుంటే, దవడ మెత్తగా తగులుతుంటే, నడక తూలుతుంటే కాల్షియం లోపం వల్ల వచ్చే ఎముకల జబ్బు అనుమానించాలి. అలాంటి డ్రాగన్ వేలిని గట్టిగా పట్టుకుంటే ఎముక విరుగుతుంది. గోళ్లు తర్వాత, ముందు వైద్యం. కాల్షియం ఒంటికి పట్టడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలనిచ్చే యూవీబీ ట్యూబు ఎప్పుడు మార్చారో చూసుకోవాలి. తయారీని బట్టి ఆరు నుంచి పన్నెండు నెలల్లో దాని యూవీబీ తగ్గిపోతుంది, కంటికి మాత్రం వెలుగు అలాగే కనిపిస్తుంది. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో యూవీబీ దాదాపు ఉండదు కాబట్టి అది దీనికి బదులు కాదు.

గోటి మొదట్లో గట్టి ఉబ్బు కనిపిస్తే చీముగడ్డ కావచ్చు. సరీసృపాల చీము మనలా నీళ్లలా కారదు, జున్నులా గట్టిపడి లోపలే ఉండిపోతుంది. పిండితే రాదు, తెరిచి తీయాలి. ఒకటికి మించి కణుపులు ఉబ్బి, కదిపితే నొప్పి పడుతుంటే గౌట్ (కీళ్లలో యూరిక్ ఆమ్లం పేరుకునే జబ్బు) ఉందేమో చూపించాలి. వేళ్ల మీద, గోళ్ల చుట్టూ పసుపు గోధుమ రంగు పెచ్చులు కట్టి, చర్మం పగిలి, రోజురోజుకీ పాకుతుంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం వద్దు. నానిజియాప్సిస్ అనే బూజు జాతి వల్ల వచ్చే ఈ జబ్బునే పసుపు బూజు జబ్బు అంటారు. లోపలి కండకూ ఎముకకూ పాకుతుంది, ఒక డ్రాగన్ నుంచి ఇంకోదానికి అంటుతుంది. అనుమానం రాగానే మిగతావాటి నుంచి వేరు చేసి, దానికి వాడిన కట్టర్, ఫైలర్, గుడ్డ ఇంకోదానికి వాడకుండా పక్కన పెట్టాలి. ఫైలర్‌ను ఆల్కహాల్‌తో తుడిచినా గరుకు సందుల్లో మురికి ఉండిపోతుంది. ఒకటికి మించి డ్రాగన్‌లు పెంచేవాళ్లు ఎప్పుడైనా సరే దేని ఫైలర్ దానికే ఉంచాలి.

ఇక మనుషుల వైపు. చూడటానికి ఎంత ఆరోగ్యంగా ఉన్న సరీసృపమైనా మనుషులకు విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా బాక్టీరియాను మోస్తూ ఉండవచ్చు. 2012 నుంచి 2014 వరకు అమెరికాలో పలు రాష్ట్రాల్లో వ్యాపించిన సాల్మొనెల్లా కోథమ్ అనే అరుదైన రకం జబ్బుకు పెంపుడు బియర్డెడ్ డ్రాగన్‌లే మూలమని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం తేల్చింది. గోరు గీసుకుంటే చర్మానికి గాటు పడుతుంది, ఆ గోరు మలంలో నడిచి వచ్చి ఉంటుంది. గీత ఎంత చిన్నదైనా వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద కడగాలి. గోళ్లు తీసే పని వంటింట్లో, తినే బల్ల మీద పెట్టుకోకూడదు. నానబెట్టిన నీళ్లు గిన్నెలు తోమే సింకులో పోయకూడదు. తీసిన గోటి ముక్కలు కాగితంలో పొట్లం కట్టి పారేయాలి. అయిదేళ్ల లోపు పిల్లలను, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లను డ్రాగన్‌ను పట్టుకునే పనికి పెట్టకూడదు. అంతకన్నా పెద్ద పిల్లలు సరదా పడితే టార్చి పట్టుకోమనండి, పని అయ్యాక వాళ్ల చేతులూ కడిగించండి.

మీ పత్రిక ఇకముందు ఈ ప్రాణి గురించి వ్యాసం వేసినప్పుడు ‘పెరిగితే కత్తిరించండి’ అన్న వాక్యం స్థానంలో కనీసం మూడు మాటలు చేర్చవలసిందిగా కోరుతున్నాను. దీపం కింద గరుకు రాయి పెట్టమని, తీయాల్సి వస్తే సూది మొన మాత్రమే తీయమని, కార్న్‌ఫ్లోర్ మూత పక్కన పెట్టుకోకుండా కట్టర్ ముట్టుకోవద్దని. వ్యాసంతో పాటు ఫోటో వేసే వీలుంటే డ్రాగన్ ముఖం ఒక్కటే కాకుండా, వెనక నుంచి వెలుగు పడిన ఒక గోరు ఫోటో దగ్గరగా తీసి వేయండి. ఆ గులాబీ గీత ఎక్కడ ఆగుతుందో ఒకసారి కళ్లారా చూసినవాళ్లు ఎక్కడ కోయాలో మరొకరిని అడగక్కర్లేదు.

ఇట్లు,
సరీసృపాల సంరక్షణలో ఉన్న ఒక పాఠకురాలు